నీలం దారం గరిటె

హెన్యా పిన్ని ఇంట్లో ఫోను వంటింటి గోడకే ఉండేది, పొయ్యికి రెండడుగుల దూరంలో. అది మోగితే చేతిలో గరిటె దించకుండానే ఎత్తేది. అవతలివాళ్ళు ఏమడుగుతారో ఆమెకు ముందే తెలుసు. మీ దగ్గర కోషర్ భోజనం, అంటే మన యూదుల ఆచారం ప్రకారం వండినది, దొరుకుతుందని పుస్తకంలో చూశాం, నిజమేనా అంటారు. ఆ తర్వాత కాస్త మొహమాటపడుతూ, ఎవరి పర్యవేక్షణలో వండుతారని అడుగుతారు.

"పైన దేవుడు, కింద నేను," అనేది హెన్యా పిన్ని. "మధ్యలో ఇంకెవరైనా కావాలంటే మాంట్రియల్‌లో మన గురువు, రబ్బీగారి నంబరిస్తా, నా సంగతి ఆయన్నే అడుగు."

ఆ పుస్తకం టొరంటోలో ఎవరో పుణ్యాత్ములు ఏటా అచ్చువేసేది. మా యూదులు ఏ ఊరికి వెళ్తే ఎక్కడ నిశ్చింతగా తినవచ్చో అందులో ఉంటుంది. టొరంటోకు పదకొండు పేజీలు. కెనడా తూర్పు కొసన ఉన్న మా కేప్ బ్రెటన్ దీవి మొత్తానికి ఒకే ఒక్క వరుస. మా ఊరి పేరు, పక్కన పిన్ని ఇంటిపేరుతో మిసెస్ ప్రాస్కిన్ అని, ఫోను నంబరు.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. మా అమ్మా ఆమే సమాజమందిరంలో ఒకే బల్ల మీద నలభై ఏళ్ళు పక్కపక్కన కూర్చున్నారు కాబట్టి పిన్ని. అప్పట్లో మా మందిరంలో నూరు కుటుంబాలుండేవి. పండగ రోజున ఆమె పొయ్యి మీద ఎక్కే కోడి సూపు కుండను ఇద్దరు మగవాళ్ళు పట్టి దించేవారు. బొగ్గు గనులు మూతబడ్డాక దుకాణాలు మూతబడ్డాయి, దుకాణాల తర్వాత ఇళ్ళు. పిన్ని భర్త ఫైవిష్ బాబాయి బట్టల కొట్టు కూడా అలాగే పోయింది, ఆ తర్వాత ఆయనా పోయాడు. పిల్లలు లేరు. నేను చెప్పే నాటికి మేం పదకొండు మందిమి మిగిలాం. ప్రార్థనకు కావలసిన పదిమంది మగవాళ్ళు ఏనాడూ పోగయ్యేవారు కాదు. పెద్ద కుండ నేలమాళిగలో బోర్లించి ఉండేది. పిన్ని పదహారు గ్లాసుల గిన్నెలో వండుకునేది.

అయినా ప్రయాణికులు వచ్చేవారు. ఎండాకాలంలో సముద్రం చూడ్డానికి, కొండల రోడ్డు మీద కార్లలో తిరగడానికి వచ్చేవారు. మాంట్రియల్ నుంచి నెలకొకసారి బస్సులో గడ్డకట్టిన కోళ్ళు తెప్పించి, ఎవరు వచ్చినా పిన్ని వండిపెట్టేది. ఎందుకు పిన్నీ ఈ వయసులో అంటే, వాళ్ళ నాన్న కథ చెప్పేది. ఆయన మూట భుజాన వేసుకుని గని ఊళ్ళన్నీ తిరిగి సూదులు, దారాలు అమ్మేవాడట. బయట ఎక్కడా తినకూడదు కాబట్టి వారం పొడుగునా ఉడికిన గుడ్లు, ఉల్లిపాయలు. ఒక ఊళ్ళో గని కార్మికుడి భార్య ఒకామె అది చూసి, కొత్త పెనం ఒకటి కొని, వంటింట్లో దానికి విడిగా ఒక మేకు కొట్టి తగిలించిందట. అది మూటల యూదుడిది, ఎవరూ ముట్టుకోవద్దని ఇంటిల్లిపాదికీ చెప్పిందట. ఇరవై రెండేళ్ళు ఆ పెనాన్ని ఆయన తప్ప ఎవరూ ముట్టుకోలేదు. "ఆ తల్లి మన మనిషి కాదు, మన శాస్త్రం తెలీదు," అనేది పిన్ని. "ఆవిడే అంత చేస్తే, అన్నీ తెలిసిన నేను ఎంత చెయ్యాలి?"

ఆమె వంటింటికి కోషర్ ముద్ర లేదు, సర్టిఫికెట్టు లేదు. ఆమె మాటే ముద్ర. ఆమె తినవచ్చు అంటే మాంట్రియల్ వాళ్ళైనా తినేవారు.

ఇక ఆమె కళ్ళ సంగతి చెప్పాలి. రెండేళ్ళుగా ఆమెకు ఎదుటి మనిషి ముఖం ఉండవలసిన చోట బూడిదరంగు మచ్చ ఒకటి కనబడుతోంది. చుట్టూ అంచులు మాత్రం తెలుస్తాయి. ఆపరేషనుతో పోయేది కాదని డాక్టరు చెప్పేశాడు. ఈ మాట ఆమె నాకు చెప్పలేదు. డబ్బాల మీద రాత నన్ను చదవమనేది. కళ్ళజోడు మేడ మీద మరిచిపోయానమ్మా, ఇందులో ఏముందో చూడు అనేది. కళ్ళజోడు ఆమె జేబులోనే కనబడుతుండేది. నేను చదివి పెట్టేదాన్ని, ఏమీ అనేదాన్ని కాదు. అడిగితే బాధపడుతుందని ఊరుకున్నాను. అప్పుడు అది దయ అనుకున్నాను.

తొంభై ఏడు జూలైలో, ఒక గురువారం మధ్యాహ్నం ఫోను వచ్చినప్పుడు నేను అక్కడే బఠాణీలు వలుస్తున్నాను. మాట్లాడుతున్నది ఒక అమ్మాయి. పేరు షిఫ్రా. మాంట్రియల్ నుంచి భర్త నఫ్తాలి, రెండేళ్ళ పాప టోబాతో కారులో వచ్చింది. వారానికి సరిపడా భోజనం వండి, రేకు కాగితంలో రెండేసి పొరలు చుట్టి ఐస్ పెట్టెలో తెచ్చుకున్నారు. బస చేసిన ఇంటి యజమానురాలు చాలా మంచావిడ. వీళ్ళు సముద్రం ఒడ్డుకు వెళ్ళి వచ్చేసరికి, పాపం పసిపిల్లతో వచ్చారు, చల్లటి కూడు ఏం తింటారని, పొట్లాలన్నీ విప్పి, తన మంచి పళ్ళాల్లో సర్ది, పొద్దున మాకు నిషిద్ధమైన పందిమాంసం కాల్చిన పొయ్యిలోనే వేడిచేసి బల్ల మీద పెట్టిందట. పైన కొత్తిమీర కూడా చల్లిందట.

"ఆవిడ్ని ఏమనను చెప్పండి," అంది షిఫ్రా. "థాంక్స్ చెప్పి, గదిలోకి తీసుకెళ్ళి సంచిలో కట్టేశాను. ఇవాళ్టితో మూడ్రోజులవుతుందండీ పాప అరటిపండ్లు తప్ప ఏమీ తినక. దుకాణంలో ముద్ర ఉన్న బిస్కెట్లు దొరికాయి, అవి నోట్లో పెడితే ఉమ్మేస్తోంది. ఒళ్ళు కూడా కాస్త వెచ్చగా ఉంది."

"ఎక్కడున్నావు తల్లీ?"

"కొండల అవతల. రెండు గంటల దూరమన్నారు."

"అయితే రెండు గంటల్లో రండి. ఆదివారం దాకా ఇక్కడే ఉండండి. సబ్బాతు పూట రోడ్ల మీద ఏం చేస్తారు?"

సబ్బాతంటే శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం రాత్రి దాకా మాకు విశ్రాంతి దినం, ప్రయాణం కూడదు, వంట కూడదు. ఫోను పెట్టి నా వైపు తిరిగి, పెద్ద కుండ తెద్దామా అని అడిగింది పిన్ని. ముగ్గురికీ మనిద్దరికీ అంత కుండ ఎందుకని నవ్వాను. తనూ నవ్వింది. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

వాళ్ళు చేరేసరికి పొగమంచు దిగింది. పాప తండ్రి భుజం మీద వేలాడుతోంది. పిన్ని ముందుకు వచ్చి పాప ముఖాన్ని రెండు చేతులతో తడిమి చూసింది. ముద్దు చేస్తోందని వాళ్ళు అనుకున్నారు. చూస్తోందని నాకు తెలుసు.

ఆ సాయంత్రం గుడ్డు, బంగాళాదుంప నాలుగు ముద్దలు తింది పాప. శుక్రవారం పొద్దున పిన్ని పాలల్లో రవ్వ ఉడికించి, దాల్చినచెక్క పొడి చల్లి పెడితే గిన్నె ఖాళీ చేసింది. ఇంకా కావాలంది. షిఫ్రా గోడకానుకుని చప్పుడు లేకుండా ఏడ్చింది. మా వాళ్ళు అమ్మమ్మను బుబ్బె అంటారు. తినడం అయ్యాక పాప పిన్నిని బుబ్బె అని పిలిచి, ఆమె గౌను అంచు పట్టుకుని వంటిల్లంతా తిరగడం మొదలుపెట్టింది.

మా వంటిళ్ళలో మాంసానికొక వరస పాత్రలు, పాలకొక వరస. ఒకదాన్నొకటి తాకకూడదు. పిన్ని ఇంట్లో గరిటెలకు మాంసానివైతే ఎర్ర దారం, పాలవైతే నీలం దారం కట్టి ఉండేవి. ఎర్రవి గిన్నెలు కడిగే తొట్టికి ఎడమ సొరుగులో, నీలంవి కుడి సొరుగులో. కళ్ళు పోతున్నా ఆ రెండు సొరుగుల లెక్క ఆమె చేతులకు తెలుసు. వాటిలో రెండు పెద్ద కొయ్య గరిటెలు మాత్రం అచ్చు ఒకేలా ఉండేవి. ఎదురింటి రోరీ ఒకప్పుడు గనిలో వడ్రంగి. ఫైవిష్ బాబాయి పోయిన ఏడాది, పిన్ని ఏమీ తోచక కూర్చుంటోందని, ఒకే మేపుల్ దుంగలోంచి రెండు గరిటెలు చెక్కి తెచ్చాడు. మీకు అన్నీ రెండేసి కావాలి కదమ్మా, తేడా రాకుండా కొలిచి చేశానన్నాడు. అంత అచ్చంగా చేసినందుకు పిన్ని ఆయన్ని పదిమందిలో పొగిడింది.

శుక్రవారం మధ్యాహ్నం సూపు ఉడుకుతోంది. నఫ్తాలి కారు తుడుస్తున్నాడు. షిఫ్రా తల స్నానానికి వెళ్ళింది. నేను కొట్టుకు వెళ్ళి ఉన్నాను. పాప సొరుగులు లాగుతూ గరిటెలు నేల మీద పరుచుకుని ఆడుకుందట. స్నానం చేసి వచ్చిన షిఫ్రా గబగబా వాటిని ఏరి, దారాలు చూసి, దేని సొరుగులో దాన్ని సరిగ్గానే పెట్టింది. ఒక్కటి మాత్రం అప్పటికే పాప చేతిలోంచి పిన్ని చేతిలోకి వెళ్ళిపోయింది.

"ఇందా, బుబ్బె," అందట పాప. పిన్ని ఆ మాటకు మురిసిపోయి, ఆ గరిటెతోనే సూపు కలిపింది. అడుగుదాకా, రెండుసార్లు.

నేను తిరిగి వచ్చేసరికి పిన్ని కిటికీ దగ్గర నిలబడి ఉంది. గరిటెను కళ్ళకు ఎదురుగా కాక, పక్కకు, చెవి దగ్గర పట్టుకుని ఓరగా చూస్తోంది. ఆమెకు చూపు మిగిలింది అంచుల్లోనే. నన్ను రమ్మంది. కళ్ళజోడు సంగతి ఎత్తలేదు.

"ఇదేం రంగు మిన్నా?"

పొద్దున పాలరవ్వ కలిపిన గరిటె అది. ఎర్రది అని ఉంటే ఆమె నమ్మేది. పొయ్యి మీద సూపు వాసన ఇల్లంతా కమ్ముకుని ఉంది. ముందు గదిలో పాప ఆకలి ఆకలి అంటోంది.

"నీలం," అన్నాను.

పిన్ని పొయ్యి కట్టేసి, చేతులు కడుక్కుని, ముందు గదిలోకి వెళ్ళింది. నేను వద్దని ఆపలేదు, వెంట వెళ్ళాను. ఇంట్లో ఇంకెవరికీ తెలియదు, చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. పిన్ని వాళ్ళిద్దరినీ కూర్చోమని, తాను నిలబడే చెప్పింది. సూపులో పాల గరిటె పడిందని చెప్పింది. తర్వాత, తనకు రంగులు కనబడవని, వాళ్ళ ముఖాలు ఎలా ఉంటాయో కూడా తెలియదని చెప్పింది.

షిఫ్రా పాపను ఒళ్ళోకి లాక్కుంది. దారాలు చూసి సొరుగులో పెట్టినది తనే, ఒకటి తక్కువైందని గమనించవలసింది కూడా తనేనని అంది. కాదు, పిల్లను వంటింట్లోకి వదలడమే తమ తప్పని నఫ్తాలి అన్నాడు. కాసేపు ముగ్గురూ తప్పు నాదంటే నాదని వాదించుకున్నారు. ఆ పోట్లాటలో ఎవరికీ కోపం లేదు, అందుకే అది వినడం కష్టంగా ఉంది. చివరికి నఫ్తాలి, మనం రబ్బీగారిని అడుగుదాం, అరవై ఉండొచ్చు కదా అన్నాడు.

అరవై అంటే ఇదీ. కుండలో ఉన్నది గరిటె ములిగిన మేరకు అరవై రెట్లు ఉంటే, ఆ గరిటెలోని పాలు అందులో లేనట్టే లెక్క. సూపు తినవచ్చు.

మాంట్రియల్ రబ్బీగారు సబ్బాతు పనుల్లో ఉండి కూడా వెంటనే ఫోను తీశారు. పిన్ని గొంతు గుర్తుపట్టి, కొలవమన్నారు. నేనే కొలిచాను. అంచుదాకా నీళ్ళు పోసిన చెంబులో గరిటెను తడి ఉన్నంత మేర ముంచితే అర గ్లాసు నీళ్ళు పొర్లాయి. అర గ్లాసుకు అరవై రెట్లంటే ముప్ఫై గ్లాసులు. గిన్నె పట్టేదే పదహారు.

"పెద్ద కుండ ఎనభై గ్లాసులు రబ్బీ," అంది పిన్ని ఫోనులో. "అందులో ఈ గరిటె ములిగిపోయేది. ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. కానీ తినడానికి మనుషులేరీ?"

ఆయన ఏమన్నారో నాకు వినబడలేదు. పిన్ని తల ఊపుతూ వింది. తర్వాత ఆయన ఇంకొకటి అడిగారు. అది మెల్లగానే అడిగి ఉంటారు, మంచి మనిషి. పిన్ని గోడకు రెండో చెయ్యి ఆన్చింది.

"తెలీదు రబ్బీ," అంది. "ఇదే మొదటిసారి అని చెప్పలేను. నేను చూడలేదు కదా."

ఫోను పెట్టాక ఆయన అడిగినది చెప్పింది. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా జరిగి ఉంటుందా అన్నారట. తెలియనిదానికి ఇన్నాళ్ళు తిన్నవాళ్ళ మీద దోషం లేదన్నారట. కళ్ళు బాగున్న మనిషినొకరిని పక్కన కూర్చోబెట్టుకుని వండమన్నారట. నేను ఉన్నాను కదా పిన్నీ అన్నాను. నిజంగానే అన్నాను.

"నువ్వు రెండేళ్ళుగా ఉన్నావు," అంది.

అందులో నిందలేదు. ఆ తర్వాత నా తల మీద చెయ్యి వేసింది కూడా. "కోప్పడటం లేదే. నేను దాచాను, నువ్వు దాచనిచ్చావు. ఇద్దరం మంచితనానికే పోయాం. కానీ తినొచ్చు అని చెప్పేదాన్ని నేను. నీ కళ్ళు పెట్టుకుని నా నోటితో ఆ మాట ఎలా చెప్పను?"

పశుమాంసమైతే పారబోయవలసిందే, ఇది కోడి మాంసం కాబట్టి సూపు పారబోయనక్కర్లేదు, మేం తినకూడదు కానీ యూదులు కానివాళ్ళకు ఇవ్వవచ్చు. గిన్నెతో సహా నేను ఎదురింటికి మోసుకెళ్ళాను. రోరీ తలుపు తీసి, మూతెత్తి వాసన చూసి, ఇంత మంచి సూపుకు ఏం రోగమొచ్చిందని అడిగాడు. గరిటె తారుమారైందని మాత్రం చెప్పాను. ఏ గరిటె అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆదివారం గిన్నె తోమి తెచ్చి ఇస్తూ, పదేళ్ళలో ఇంత రుచిగా ఏదీ తినలేదన్నాడు. పిన్ని ఆయనకు థాంక్స్ చెప్పింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఏ పాత్రనూ నమ్మకూడదనుకున్నాం. రొట్టెల అచ్చులు వేరే అలమారాలో తాళంలో ఉంటాయి, కాబట్టి పొద్దున కాల్చిన సబ్బాతు రొట్టెలకు దోషం లేదు. బంగాళాదుంపల్ని తొక్కతోనే రేకు కాగితంలో రెండు పొరలు చుట్టి కాల్చాం. డబ్బా చేపలు తెరిచాం. దాని మీద ముద్ర ఉందో లేదో పిన్ని షిఫ్రానే చూడమంది. వెలుగుండగానే పిన్ని కొవ్వొత్తులు వెలిగించి, ముఖానికి చేతులు అడ్డుపెట్టుకుని ప్రార్థన చేసింది. ప్రతి వారం అంతే చేస్తుంది. ఆ వారం చేతులు తీయడానికి చాలాసేపు పట్టింది.

పాప దుంపను చేతిలోకి తీసుకుని, సూపు ఏదని అడిగింది. వాసన చూసిన పిల్ల కదా. పిన్ని దుంపను చిదిమి, ఉప్పు వేసి, ఊది ఊది నోటికి అందించింది. పాప తింది. రెండో దుంప సగంలో బల్ల మీదే నిద్రపోయింది.

ఆదివారం వాళ్ళు వెళ్ళేటప్పుడు మిగిలిన రొట్టె, కాల్చిన దుంపలు కట్టి ఇచ్చాం. షిఫ్రా పిన్ని రెండు చేతులూ తీసి తన ముఖం మీద పెట్టుకుంది. చూడండి బుబ్బె, నేను ఇలా ఉంటానంది. పిన్ని నుదురు, కనుబొమలు, చెంపలు తడిమి, నవ్వుతున్నావా ఏడుస్తున్నావా సరిగ్గా చెప్పు అంది. రెండూ అంది షిఫ్రా.

కారు మలుపు తిరిగాక పిన్ని నన్ను కూర్చోబెట్టి టొరంటోకు ఉత్తరం రాయించింది. వచ్చే ఏటి పుస్తకంలోంచి మా ఊరి వరుస తీసెయ్యమని. కారణం రాయనా అన్నాను. రాయి అంది. కళ్ళు అని రాయి, ముసలితనం అని రాయకు, ముసలితనంలో వండొచ్చు. వాళ్ళు మర్యాదగా జవాబు రాశారు. వసంతంలో వచ్చిన కొత్త పుస్తకంలో మా దీవి పేరే లేదు. మా రాష్ట్ర రాజధాని హాలిఫాక్స్ తర్వాత నేరుగా ఇంకొక రాష్ట్రం.

ఆ కొయ్య గరిటెలు రెండూ దారాలు విప్పేసి కూజాలో పెట్టుకుంది. నా ఒక్కదానికే కాబట్టి మాంసం మానేశాను, పాలతోనే గడుపుకుంటాను, ఇక తేడా రాదు అంది. బస్సులో కోళ్ళు రావడం ఆగింది.

పాత పుస్తకాలు మాత్రం జనం దగ్గర ఉంటాయి కదా. మరుసటి ఏడు జూలైలో ఒకరోజు నేనున్నప్పుడే ఫోను మోగింది. ఎవరో కుర్రాడు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి పద్దెనిమిది నెలలు. కోషర్ భోజనం దొరుకుతుందా అని అడిగాడు.

"ఈ ఊళ్ళో ఇక దొరకదు బాబూ," అంది పిన్ని.

పిన్ని ఫోను పెట్టెయ్యలేదు.

"విను. పిల్లవాడికి దుంపలు కొను, తొక్కతో కాల్చు, రేకు కాగితం రెండు చుట్లు. గుడ్లు కొను. కొత్త పెనం ఒకటి కొనుక్కో, చిన్నదైనా చాలు. బస చేసిన ఇంటావిడకి ముందే చెప్పు, విప్పద్దమ్మా, కడగద్దమ్మా అని. గోడకి మేకొకటి అడుగు, దాన్ని తగిలించుకోడానికి. ఇస్తారు. ఇక్కడివాళ్ళు ఇస్తారు."

ఆ కుర్రాడు రాసుకుంటున్నట్టున్నాడు, పిన్ని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది, ఈసారి నెమ్మదిగా.